తెల్ల గులాబీకి నాలుగు ముడులు

నా భార్య ముడుల్ని మా తోడల్లుడు కాజేశాడు. ఇది అనుమానం కాదు. జరిగిన సంగతి.

కిందటి వారం చదవని వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను. అరెకరం పూలతోట నాది. నాది అంటే ఆమెది. ఆమె పోయి మూడేళ్లు దాటింది. ఆమె చదువుకున్న మనిషి. నాది ఊరి బడిలో ఐదో తరగతి, ఆ తర్వాత ముప్పై రెండేళ్లు లేత్ మిషను. కాగితం మీద రాసిస్తే నేను పారేస్తానని ప్రతి మొక్కకూ ఊదా రంగు నూలు దారం కట్టేది. ఒక ముడి ఉంటే, చలి విరగగానే కత్తిరించాలి. రెండు ఉంటే ముట్టుకోకూడదు. నాలుగు ఉంటే తవ్వి వేరే చోట నాటాలి. మూడెందుకు లేదని అడిగాను. "రెండో మూడో మీ కళ్లకు తెలిసి చస్తుందా?" అంది.

ఆమె పోయాక మాలిని పెట్టుకోమన్నారు. పెట్టుకోలేదు. గేటు దాటి ఎవరినీ రానివ్వలేదు. ముడి చూశాను, పని చేశాను. ఆమె చెప్పింది, నేను విన్నాను. బతికున్న రోజుల్లో మా మధ్య ఇంత మాట నడవలేదు.

ఆదివారం పొద్దున గోడ మీది కాగితం పూల తీగ కత్తిరించడానికి నిచ్చెన ఎక్కాను. గోడ అవతల తోడల్లుడి తోట. అక్కడ గోడ వారగా ఒక గులాబీ. ఇంకా మొగ్గలే, పువ్వు విప్పలేదు. దాని కొమ్మకు ఊదా దారం. రెండు ముడులు.

అక్కడ ఆపాను. ఇప్పుడు నిచ్చెన దిగుతున్నాను.

చేతిలో కత్తెర అలాగే ఉంది. అది ఆమె కత్తెర. ఆమెది ఎడమచేతి వాటం, కత్తెరా దానికి తగినదే. నా కుడి అరచేతికి మూడేళ్లుగా బొబ్బలు. కొత్తది కొనలేదు. ఆ కత్తెరతోనే వీధి చుట్టి వాళ్ల గేటు దగ్గరికి వెళ్లాను.

తోడల్లుణ్ణి వీధిలో అందరూ టేపు అంటారు. భూములు కొలిచే ఉద్యోగం చేశాడు. ఉద్యోగం వదిలినా జేబులో టేపు వదల్లేదు. కొత్త చెప్పులు కొన్నా ముందు కొలిచి, తర్వాత తొడుక్కుంటాడు. నా భార్య చెల్లెలి మొగుడు. ఆ చెల్లెలు బడిలో పంతులమ్మగా చేసి ఈ మధ్యే మానింది.

వసంతం వస్తే వాళ్ల గేటు దగ్గర మనుషులు ఆగుతారు. సైకిలు దిగి మరీ చూసేవాళ్లున్నారు. నా గేటు దగ్గర ఎవరూ ఆగరు. కుక్కలు ఆగుతాయి, అదీ వాటి పని కోసం. నా తోట పెద్దది, పాతది. అయినా పేరు అతనిదే. ఆ రోజు గేటు తీసి లోపలికి నడుస్తూ కలుపు మొక్క కోసం వెతికాను. ఒక్కటి కనపడితే చాలు, మనసు కుదుటపడేది. గడ్డి అంచు దారం పెట్టి కోసినట్టు ఉంది. ముందు పొట్టి పూలు, వెనక నడుమెత్తువి, వాటి వెనక ఎత్తువి. గోడ పొడుగునా తెలుపు. ఎక్కడా కలుపు లేదు. 

రాళ్ల బాట ఏడో రాయి దగ్గర వంపు తిరుగుతుంది. వంపు దాటితేగాని అవతల ఏముందో కనపడదు. నా తోటలోనూ ఏడో రాయి దగ్గరే వంపు. "అంతా ఒకేసారి కనిపిస్తే అది తోట కాదు, బట్టల కొట్టు" అని ఆమె అనేది. మా బాట చూసి ఈ మనిషి గీసుకున్నాడని పదేళ్లుగా కనపడిన వాళ్లందరికీ చెబుతున్నాను.

మరదలు వరండాలోకి వచ్చింది.

"రండి బావా. కత్తెరతో వచ్చారేంటి, మా ఆయనకి క్షవరమా?"

"ఉన్నాడా?"

"ఎక్కడికి పోతాడు? పొద్దున్నించి ఎరువులో దొర్లుతున్నాడు. కాళ్లు కడుక్కోకుండా లోపలికొస్తే చంపుతానని చెప్పా. అందుకే రావట్లేదు."

టేపు మోకాళ్ల మీద కూర్చుని ఆకుల ఎరువు జల్లెడ పడుతున్నాడు. నన్ను చూసి నడుం పట్టుకుని లేచాడు.

"అన్నయ్యా! రండి, కూర్చోండి. ఏమేవ్, టీ పెట్టు."

"టీ వద్దు. ఆ గులాబీకి దారం ఎవరు కట్టారు?"

అతను ముందు గులాబీని చూశాడు. తర్వాత నా చేతిలో కత్తెరని. తర్వాత పెళ్లాన్ని.

"నేనే."

"ముడులు ఎవరు నేర్పారు?"

"వదిన."

"అది నా పెళ్లాం నాకు పెట్టిన గుర్తు. నీకెందుకు చెబుతుంది?"

"ఇద్దరం కూర్చుని అనుకున్నదే కదన్నయ్యా. మూడొద్దు, నాలుగు పెడదామన్నది నేనే. మీరు కళ్లజోడు పెట్టుకోరు, రెండుకీ మూడుకీ తేడా తెలీదని..."

"ఆ మాట ఆమెది."

"మాట వదినదే. లెక్క నాది."

నేను అక్కడితో వెనక్కి తిరిగి రావలసింది. రాలేదు. కాలు ఏడో రాయి మీద ఉంది.

"ఈ వంపు?"

 జల్లెడ అంచుకు అంటిన మట్టి గోటితో గీకుతున్నాడు.

"నా తోటలో వంపు ఎవరిదని అడుగుతున్నా."

"ఇద్దరం కొలిచాం. తాడు ఒక కొస వదిన పట్టుకునేది, ఒక కొస నేను. మీరు పగటి షిఫ్టులో ఉండేవారు. ముందు మీ తోటలో వేసి, బాగుంటే ఇక్కడా వేద్దామని వదినే అంది."

"బాగుంది," అంది మరదలు. గొంతు మారింది. "బావగారు ఇనుము తరుగుతుంటే, నేను పిల్లల చేత ఎక్కాలు చదివిస్తుంటే, మీరిద్దరూ తాడాట ఆడుకున్నారన్నమాట."

"ఆట కాదే. తోట."

"నాకు తెలీకుండా ఎందుకు?"

"నువ్వు అడగలేదు."

"అడగాలని తెలిస్తే కదా అడగడానికి!"

వాళ్ల గొడవ నాకు అక్కర్లేదు. నాకు ఒక్కటే కావాలి. బాట పోతే పోయింది. ముడులైనా నావి. ఆమె పోయాక నాకు మిగిలినవి అవే. అవి ఆమె నా కోసం, నా చేతుల కోసం వేసి వెళ్లినవి.

"బతికుండగా ఏం చేశారో నాకొద్దు," అన్నాను. "ఆమె నా తోటలో కట్టిన దారాలు చూసి నువ్వు ఇక్కడ కట్టుకోవడం ఆపు. ఆ రంగు కూడా వాడకు."

టేపు పెళ్లాం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. అతను చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"అన్నయ్యా, ఒకటి అడుగుతా. కోపం తెచ్చుకోకండి."

"అడుగు."

"నూలు దారం ఎండకీ వానకీ ఎన్నాళ్లుంటుంది?"

ఏ ఇనుము ఎన్నాళ్లకు తుప్పు పడుతుందో నేను చెప్పగలను. ఏ బోల్టు ఎంత బరువుకు తెగుతుందో చెప్పగలను. దారం ఎంత.

"ఏడాది," అన్నాను.

అన్నాక నా మాట నాకే వినిపించింది.

ఆమె పోయి మూడేళ్లు దాటింది. నా తోటలో దారాలు నిగనిగలాడుతూ ఉన్నాయి. పొద్దున్నే చూశాను. ఒక్కటీ వెలిసిపోలేదు.

 టేపు మెల్లగా చెప్పాడు. నేను అడగకుండానే.

"ఏడాదికోసారి మీరు పెన్షన్ ఆఫీసుకి వెళ్తారు కదా, బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి. పొద్దున పోతే మధ్యాహ్నం దాకా రారు. ఆ రోజు, ఏ ఏడు ఏ మొక్కకు ఎన్ని ముడులో వదిన గీసిచ్చిన నక్షా పట్టుకుని పాత దారాలు తీసి కొత్తవి కడతాను."

"గేటుకి తాళం వేసి వెళ్తాను."

"నిచ్చెన మీకొక్కరికే ఉందా అన్నయ్యా?"

మరో రోజైతే ఆ మాటకి నవ్వేవాణ్ణేమో.

"ఎందుకు?" అన్నాను.

"ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు చూడండి, ఆ వారం వదిన నన్ను పిలిచింది. 'మీ అన్నయ్యకి నోటితో చెబితే ఎదురు మాట్లాడతాడు. ముడి చూస్తే తలొంచుతాడు. కొన్నేళ్లు నేనే కట్టాననుకోనీ. లేదంటే మొదటి వసంతానికే తోట మీద గొడ్డలి పడుతుంది' అంది."

గొడ్డలి మాట నిజం. ఆమె పోయిన నెలలోనే కొన్నాను. కొట్టంలో గోనెసంచిలో చుట్టి ఉంది. మొదటి వసంతంలో దాన్ని తీసుకుని తోటలోకి వెళ్లాను కూడా. మందారానికి రెండు ముడులు కనపడి వెనక్కి వచ్చాను. ఆ సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాను. నేను కొనకముందే ఆమెకి తెలుసు. ఇతనికీ తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు.

"నాకు చెప్పలేదు బావా," అంది మరదలు. "సొంత చెల్లెల్ని. ఒక్క ముక్క చెప్పలేదు. మూడేళ్లుగా ఈయన పెట్టెలో ఊదా దారం ఉండ కనపడుతుంటే నేనేం అనుకున్నానో తెలుసా? ఆ రంగు నేను కట్టను. మరి ఎవత్తి కోసమని ఎన్ని రోజులు ఏడ్చానో ఈయన్నడగండి."

"నేను చెప్పానుగా, మొక్కలకని."

"మొక్కలకని ఏ మొగుడైనా చెబుతాడు!"

వాళ్లిద్దరూ అలా అనుకుంటూ ఉండగా నాకు ఇంకొకటి గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి చెవులు మూసుకుపోయాయి.

మా పడకగది కిటికీ కింద తెల్ల గులాబీ ఉండేది. ఆ ఇంట్లో ఆమె నాటిన మొదటి మొక్క. గోడలకి సున్నం వేయకముందే నాటింది. కిటికీ చువ్వలకు తీగలా అల్లుకుంది. నిరుడు వసంతంలో దానికి నాలుగు ముడులు కనపడ్డాయి. చెట్టు నిండా మొగ్గలు. మొగ్గల మీద ఉన్న మొక్కని ఆమె ఏనాడూ కదపనివ్వలేదు. రెండు రోజులు పార పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. ఇదేం మాటే అని పైకే అడిగాను. కానీ ముడులు నాలుగున్నాయి. ఎదురు చెప్పడం మానేసి తవ్వాను. వెనక మూలన నాటాను. పది రోజుల్లో ఆకు రాలింది, ఇరవై రోజుల్లో కొమ్మ ఎండింది. పీకి గోడ వెనక చెత్తలో పారేశాను. ఆమె అడిగింది కదా, ఆమె ఇష్టం అనుకున్నాను. ఆ కిటికీ మళ్లీ తెరవలేదు.

"తెల్ల గులాబీకి నాలుగు ముడులు ఎవరు వేశారు?"

టేపు కూర్చుండిపోయాడు. ఎరువు గుట్ట మీదే.

"గన్నేరుకి వేయాలన్నయ్యా. గులాబీకి ఎండ ఆపుతోందని గన్నేరుని తీయించమంది వదిన. రెండింటి కొమ్మలూ పెనవేసుకుని ఉన్నాయి. తొందరలో తారుమారయ్యాయి."

"నేను తవ్వుతుంటే చూశావా?"

"చూశాను."

"ఎక్కణ్ణించి?"

"గోడ మీంచి."

"ఎంతసేపు?"

"మొత్తం."

"నోరు పడిపోయిందా?"

"నోరు తెరిస్తే అంతా బయటపడుతుంది. మీరిక ముడుల్ని నమ్మరు. ఒక్క మొక్క పోయినా తోట మిగులుతుంది అనుకున్నా."

కొలిచే మనిషి. ఒక మొక్క, అరెకరం. బేరీజు వేసి చూసుకున్నాడు. అతని లెక్కలో తప్పు లేదు. నేను క్షమించను.

"అది పోలేదు బావా," అంది మరదలు.

నా మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఇందాక నిచ్చెన మీంచి చూసిన మొక్క. నడుమెత్తు ఉంది.

"మీరు చెత్తలో పారేసిన రోజే ఈయన ఇంకా పచ్చి మిగిలిన కొమ్మలు ఏరి కోసుకొచ్చాడు. పది నాటితే ఒక్కటి బతికింది. నర్సరీదని నాకు అబద్ధం చెప్పాడు. కానీ అక్క గులాబీ నాకు తెలీదా? ఒక మొగ్గ విప్పి చూడండి."

బొటనవేలితో ఒక మొగ్గ రేకు విప్పాను. తెలుపు. అడుగున, రేకు మొదట్లో, లేత పసుపు. చిన్నపిల్లల గోరు మీద ఉండే నెలవంకంత.

పద్నాలుగు మొగ్గలున్నాయి. నా దగ్గర చచ్చింది, అతని దగ్గర పూతకొచ్చింది. నేను మనిషినన్న మాట మరిచిపోయి చెబుతున్నాను, ఆ క్షణం అది చచ్చి ఉంటే బాగుండుననిపించింది.

"మీదే అన్నయ్యా," అన్నాడు టేపు. లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. "మీకివ్వాలనే పెంచాను. పూత అయిపోయి, చలికాలం ఆకు రాలాక, వేరు చెదరకుండా మట్టిగడ్డతో సహా నేనే తెచ్చి కిటికీ కింద..."

వంగాను. కొమ్మకున్న దారానికి కొస పొడుగ్గా వదిలి ఉంది. ఆ కొసతో రెండు ముడుల పక్కన ఇంకో రెండు వేశాను. నా చేత్తో ముడి వేయడం అదే మొదలు. 

టేపు ముఖం పాలిపోయింది.

"అన్నయ్యా, మొగ్గల మీద ఉంది. ఇప్పుడు తవ్వితే చస్తుంది."

"నిరుడూ మొగ్గల మీదే ఉంది."

"నా మీద కోపం మొక్క మీద..."

"రేపు పొద్దున పారతో వస్తాను. నువ్వు గోడ మీంచి చూస్తూ ఉండు. అలవాటే కదా."

ఇంటికి వచ్చాను. అన్నం తినలేదు. కిటికీ కింద పాత చోటే గుంత మొదలుపెట్టాను. నిరుడు నేను తవ్విన చోటే కాబట్టి మట్టి వదులుగా ఉంది. పార తేలిగ్గా దిగింది. ఎండ నెత్తి దిగి గోడ మీదికి వచ్చేసరికి మోకాలి లోతు అయింది. పాత వేరు ముక్కలు కొన్ని దొరికాయి. ఏరి పక్కన పెట్టాను. పక్కన గన్నేరు నిండుగా పూసి ఉంది. దానికి ఇప్పటికీ రెండు ముడులే.

ఊపిరి తీసుకోవడానికి కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. వేళ్లకు ఏదో తగిలింది.

చూరు కింద, పై చువ్వకి, జానెడు ఎండు కొమ్మ వేలాడుతోంది. నిరుడు గులాబీని తీసేటప్పుడు ఆ కొమ్మ చువ్వకి అంటుకుని రాకపోతే, కింద కత్తిరించి మిగిలిన మొక్కని లాగేశాను. ఎందుకు అంటుకుందో చూడలేదు. ఇప్పుడు చూశాను. దారంతో కట్టి ఉంది. ఊదా రంగు వెలిసి తెల్లబడింది. ఆ చోటికి వాన రాదు, ఎండ రాదు. అందుకే మిగిలింది.

రెండు ముడులు.

మునివేళ్ల మీద లేచి దగ్గరగా చూశాను. ఆ తర్వాత కొట్టంలోకి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని చూశాను. ముడి ఎడమకి తిరిగి ఉంది. ఎడమచేతి వాటం మనిషి వేసే ముడి అలాగే పడుతుంది. పక్కనే గన్నేరుకున్న ముడి చూశాను. కుడికి తిరిగి ఉంది. మందారం దగ్గరికి వెళ్లాను. కుడికి. మెట్ట తామరల దగ్గరికి, లిల్లీల దగ్గరికి, ఏడో రాయి దాటి వెనక మూల దాకా వెళ్లాను. అన్నీ కుడికే.

ముప్పై రెండేళ్లు ఇనుముకి మరలు కోశాను. ఎడమ మరో కుడి మరో కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పేవాణ్ణి. మిషను షాపులో నాతో పందెం వేసి గెలిచిన వాడు లేడు. అలాంటి నేను మూడేళ్లు, ఏటా ఇన్ని ముడులు చూసి, ఒక్కదాన్నీ ఎటు తిరిగిందని చూడలేదు. ఎన్నని మాత్రమే లెక్కపెట్టాను. నిరుడు పార పట్టుకుని రెండు రోజులు నిలబడ్డ చోట, ఆమె సొంత ముడి నా తల మీద జానెడు ఎత్తులో ఉంది. ముట్టుకోవద్దంది. అతని ముడి విన్నాను. ఆమెది వినలేదు.

ఎండు కొమ్మ నుంచి దారం విప్పబోయాను. విప్పలేదు. చువ్వ దగ్గర కత్తిరించి, ముడులు చెడకుండా జేబులో వేసుకున్నాను.

"బావా!"

గోడ మీంచి మరదలు. అతని నిచ్చెన ఎక్కినట్టుంది.

"గుంత తవ్వేశారా? నిజంగానే రేపు తీసుకొచ్చేస్తారా? ఈయన అక్కడే కూర్చున్నాడు బావా, ఆ మొక్క దగ్గర. మీరు వేసిన ముడులు విప్పమంటే విప్పనంటున్నాడు. ముడి పడ్డాక మాట మాటేనట. మీరే ఏదో ఒకటి చెప్పండి."

నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

"చేతిలో ఏంటది? జేబులో ఏం పెట్టుకున్నారు?"

"ఏం లేదు."

"ఏడ్చారా?"

"దుమ్ము. గులాబీ సంగతి ఇక నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను. మీ ఆయనకి చెప్పు."

"మరి రేపు?"

పార గుంతలోనే గుచ్చి ఉంది. దాన్ని తీయలేదు, గుంత పూడ్చలేదు. లోపలికి వెళ్లి, ఏడాదిగా మూసి ఉన్న ఆ కిటికీ రెక్కలు తెరిచాను. మరదలు గోడ మీంచి ఇంకోసారి పిలిచింది. వినపడనట్టు కూర్చున్నాను.

జేబులో దారం గురించి ఇక్కడొకసారి రాశాను. అంతే. మళ్లీ మాట్లాడను.